ఎండ్ జోన్ ఫంబుల్ నిబంధన న్యాయమేనా? ఈ చర్చ దారి తప్పకుండా నడపడం ఎలా

అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతితో పరుగెత్తే ఆటగాడు గోల్ లైన్ ముందు చెయ్యి చాచాడు. బంతి జారింది, దీన్నే ఫంబుల్ అంటారు. గోల్ లైన్ వెనక ఉండే ఎండ్ జోన్‌లో ఒకసారి ఎగిరిపడి సైడ్‌లైన్ దాటి బయటికి పోయింది. డిఫెన్స్‌లో, అంటే అడ్డుకునే జట్టులో, ఎవరూ దాన్ని పట్టుకోలేదు. అయినా బంతి వాళ్లదే అయింది, అదీ వాళ్ల 20 గజాల గీత దగ్గర. నోటి దాకా వచ్చిన ముద్ద జారడం ఒక ఎత్తు, అది పక్కవాడి కంచంలో పడడం ఇంకో ఎత్తు. అమెరికన్ ఫుట్‌బాల్ అభిమానులు ఏళ్ల తరబడి కొట్లాడుకునే నిబంధనల్లో ఇదొకటి.

స్కూల్ డిబేట్ టీముకైనా, ఆదివారం ఆట చూడటానికి చేరిన నలుగురు స్నేహితులకైనా ఇది మంచి చర్చాంశం. రెండు వైపులా నిజంగా బలమైన వాదనలున్నాయి. కానీ సిద్ధం కాకుండా మొదలుపెడితే పది నిమిషాల్లో "ఆ రోజు మా టీముకు అన్యాయం జరిగింది" అన్న మాట దగ్గర ఆగిపోతుంది. అలా కాకుండా నడవాలంటే ఏం చేయాలో చూద్దాం.

ముందు నిబంధన అందరికీ ఒకేలా అర్థం కావాలి

ఒక తెల్ల కాగితం మీద మైదానం చివరి భాగం గీయండి. గోల్ లైన్, దాని వెనక 10 గజాల ఎండ్ జోన్, రెండు పక్కలా సైడ్‌లైన్లు, చివర ఎండ్ లైన్, గోల్ లైన్ రెండు కొసల్లో నారింజ రంగు పైలాన్లు. ఈ బొమ్మ లేకుండా నోటితో చెబితే సగం మందికి అర్థం కాదు.

ఇప్పుడు ఆ బొమ్మ మీద వేలు పెట్టి నాలుగు సందర్భాలు చూపించండి.

ఒకటి: ఆఫెన్స్ (బంతి చేతిలో ఉన్న జట్టు) ఆటగాడు 5 గజాల గీత దగ్గర ఫంబుల్ చేశాడు, బంతి ముందుకు దొర్లి 2 గజాల గీత దగ్గర సైడ్‌లైన్ దాటింది. బంతి ఆఫెన్స్‌దే. కాకపోతే ముందుకు పోయిన దూరం లెక్కలోకి రాదు, ఫంబుల్ జరిగిన చోటికి, అంటే 5 గజాల గీతకు తెస్తారు.

రెండు: అదే బంతి వెనక్కి దొర్లి 9 గజాల గీత దగ్గర బయటికి పోయింది. బంతి ఆఫెన్స్‌దే, పోయిన చోటు నుంచే ఆట.

మూడు: అదే బంతి ముందుకు దొర్లి గోల్ లైన్ దాటి, ఎండ్ జోన్ పక్కగీత మీదుగా గానీ వెనక గీత మీదుగా గానీ బయటికి పోయింది. ఇది టచ్‌బ్యాక్. బంతి డిఫెన్స్‌కు, వాళ్ల 20 గజాల గీత దగ్గర. మన చర్చంతా దీని గురించే.

నాలుగు: ఒక జట్టు తన సొంత ఎండ్ జోన్‌లోనే ఫంబుల్ చేసి, బంతి అక్కడి నుంచే బయటికి పోయింది. ఇది సేఫ్టీ. ఎదుటి జట్టుకు 2 పాయింట్లు, దానికి తోడు బంతి కూడా కిక్ ద్వారా వాళ్లకే.

నాలుగోది తప్పకుండా చెప్పాలి. నిబంధనను సమర్థించే పక్షానికి అసలు బలం అందులోనే ఉంది.

ఇక పైలాన్. చర్చలో ఎక్కువ తికమక అక్కడే వస్తుంది. అది 18 అంగుళాల ఎత్తు, నాలుగు వైపులా 4 అంగుళాల వెడల్పు ఉండే మెత్తటి స్తంభం. ఆటగాడు ఇంకా హద్దు లోపలే ఉండి, చేతిలో ఉన్న బంతిని దానికి తాకిస్తే టచ్‌డౌన్, 6 పాయింట్లు. అదే బంతి చేతిలోంచి జారాక, ఎవరి అదుపులోనూ లేకుండా ఆ స్తంభానికి తగిలితే ఎండ్ జోన్‌లోంచి బయటికి పోయినట్టే లెక్క, టచ్‌బ్యాక్. జారిన బంతి పైలాన్‌కు అర అడుగు ఇవతల గీత దాటితే మాత్రం ఆఫెన్స్ దగ్గరే ఉంటుంది. అర అడుగు తేడాలో మూడు వేర్వేరు ఫలితాలు. కాగితం మీద ఈ మూడు చుక్కలూ పక్కపక్కన పెట్టి చూపిస్తే, ఆట తెలియనివాళ్లకు కూడా గొడవ ఎక్కడుందో వెంటనే తెలుస్తుంది.

ఇక్కడే రెండు పొరపాట్లు సరిచేయండి. కిక్కాఫ్ (ఆట మొదలుపెట్టే కిక్) టచ్‌బ్యాక్ వేరు. కిక్ నేరుగా ఎండ్ జోన్‌లో పడి అక్కడే ఆగితే 2024లో 30 గజాల గీతకు, 2025లో 35కు మార్చారు. ఫంబుల్ టచ్‌బ్యాక్ 20 దగ్గరే ఉంది. రెండోది, "హోలీ రోలర్" ఆట వల్ల ఈ నిబంధన వచ్చిందని కొందరు చెబుతారు. అది తప్పు. 1978 సెప్టెంబర్ 10న శాన్ డియేగోలో జరిగిన ఆ ఆటలో ఓక్లాండ్ రైడర్స్ ఆటగాళ్లు జారిన బంతిని ఒకరి తర్వాత ఒకరు ముందుకు నెట్టి, చివరి క్షణంలో ఎండ్ జోన్‌లో దాని మీద పడి 21-20తో గెలిచారు. దాని ఫలితంగా మారింది వేరే నిబంధన: నాలుగో డౌన్‌లో (10 గజాలు ముందుకు పోవడానికి ఇచ్చే నాలుగు ప్రయత్నాల్లో చివరిదానిలో), లేదా రెండు నిమిషాల హెచ్చరిక తర్వాత, ఫంబుల్ చేసినవాడు తప్ప అతని జట్టులో ఇంకెవరూ ఆ బంతితో ముందుకు పోకూడదు. ఇది గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

చర్చాంశాన్ని ఒక్క వాక్యంలో రాయండి

"ఫంబుల్ నిబంధన చెత్తది" అని పెడితే చర్చ నడవదు. సమర్థించే పక్షానికి ఏం నిరూపించాలో తెలియదు, వ్యతిరేకించే పక్షానికి ఎక్కడ ఆగాలో తెలియదు. ఇలా రాయండి: "ఆఫెన్స్ ఫంబుల్ చేసిన బంతి ఎదుటి ఎండ్ జోన్‌లోంచి బయటికి పోతే డిఫెన్స్‌కు బంతి ఇవ్వడాన్ని ఎన్‌ఎఫ్‌ఎల్ ఆపి, దాని బదులు ఫలానా నిబంధన తేవాలి." ఎన్‌ఎఫ్‌ఎల్ అంటే అమెరికాలోని వృత్తి ఫుట్‌బాల్ లీగ్.

ఆ "ఫలానా" ఏమిటో మార్పు కోరే పక్షం చర్చకు ముందే చెప్పాలి. ఈ ఒక్క షరతుతో చర్చ స్వరూపమే మారిపోతుంది. ఫిర్యాదు చేయడం ఎవరికైనా తేలికే. బదులుగా ఏం పెట్టాలో చెప్పినప్పుడే మాట బలం తెలుస్తుంది. మా దృష్టిలో ఈ అంశం మీద గెలుపోటములు తేలేది ఇక్కడే.

నిర్ణయం వేరు, నిబంధన వేరు

ఉదాహరణలు ఎంచుకునేటప్పుడు ఎక్కువమంది బోల్తా పడేది ఈ మెట్టు దగ్గర. ఒక ఆటలో తప్పు జరిగిందంటే, అది నిబంధన తప్పా, దాన్ని అమలు చేసిన తీరు తప్పా అని ముందు తేల్చుకోవాలి.

2015 అక్టోబర్ 5 నాటి సియాటిల్ సీహాక్స్, డెట్రాయిట్ లయన్స్ ఆట తీసుకోండి. లయన్స్ ఆటగాడు కాల్విన్ జాన్సన్ గోల్ లైన్‌కు గజం దూరం కూడా లేనప్పుడు కామ్ చాన్సలర్ బంతిని గుద్ది ఊడగొట్టాడు. బంతి ఎండ్ జోన్‌లో దొర్లుతుంటే ఇంకో సీహాక్స్ ఆటగాడు కె.జె. రైట్ దాన్ని చేత్తో వెనక గీత దాటేలా తట్టాడు. టచ్‌బ్యాక్ ఇచ్చారు, సియాటిల్ 13-10తో గెలిచింది. కానీ ఎండ్ జోన్‌లో జారిన బంతిని కావాలని బయటికి తట్టడం నేరం. దానికి జరిమానా (పెనాల్టీ) పడి బంతి లయన్స్‌కే దక్కాల్సిందని లీగ్ తర్వాత ఒప్పుకుంది. అంటే ఇక్కడ నిబంధన లయన్స్ వైపే ఉంది, దాన్ని అమలు చేయలేదు. నిబంధన మార్చాలనేవాళ్లు ఈ ఆటను తెచ్చారంటే ఎదుటి పక్షానికి పండగే.

2021 జనవరి 17 నాటి ప్లేఆఫ్ ఆటలో రెండూ కలిసిపోయాయి. క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ 16-3తో వెనకబడి ఉండగా, మొదటి సగం ముగుస్తున్న వేళ రషార్డ్ హిగిన్స్ పైలాన్ వైపు బంతి చాచాడు. కాన్సాస్ సిటీ చీఫ్స్ ఆటగాడు డేనియల్ సోరెన్సన్ తలతో గుద్దాడు. బంతి ఎండ్ జోన్‌లోంచి బయటికి పోయింది, టచ్‌బ్యాక్. హెల్మెట్‌తో గుద్దినందుకు జరిమానా వేయలేదు. చివరికి చీఫ్స్ 22-17తో గెలిచారు. ఈ ఆట వాడాలనుకుంటే ముందే చెప్పేయండి: "హెల్మెట్ సంగతి పక్కన పెడుతున్నాం, ఆ గుద్దు సరైనదే అనుకున్నా ఈ ఫలితం న్యాయమా అని అడుగుతున్నాం." ఈ మాట ముందే చెప్పకపోతే మిగతా సమయమంతా హెల్మెట్ గురించే పోతుంది.

"న్యాయం" అంటే ఏమిటో ఒప్పందానికి రండి

ఈ మాటను ముగ్గురు మూడు అర్థాల్లో వాడతారు. ఒకరికి న్యాయమంటే రెండు జట్లకూ ఒకటే నిబంధన. ఇంకొకరికి అందరికీ ముందే తెలిసి ఉండటం. మూడోవారికి తప్పుకు తగ్గ శిక్ష.

మొదటి రెండు కొలతల్లో ఈ నిబంధన తేలిగ్గా నెగ్గుతుంది. 2021లో దీనివల్ల లాభపడిన చీఫ్స్, 2024 జనవరి 21న బఫెలోలో ఇదే నిబంధన వల్ల దెబ్బతిన్నారు. 27-24తో ముందున్నప్పుడు మెకోల్ హార్డ్‌మన్ గోల్ లైన్ దగ్గర జారవిడిచిన బంతి ఎండ్ జోన్‌లోంచి బయటికి పోయి బఫెలో బిల్స్‌కు దక్కింది. అందరికీ ఒకటే నిబంధన అనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

కానీ మొదటి రెండు కొలతలు సరిపోతాయా? 2019 క్రికెట్ ప్రపంచ కప్ ఫైనల్ గుర్తు చేసుకోండి. ఆటా సూపర్ ఓవరూ రెండూ సమం కావడంతో ఎక్కువ బౌండరీలు కొట్టిన ఇంగ్లండ్‌ను విజేతగా ప్రకటించారు. ఆ నిబంధన ఇద్దరికీ ఒకటే, ఇద్దరికీ ముందే తెలుసు. అయినా లెక్కలేనంతమందికి అది న్యాయంగా అనిపించలేదు, అదే ఏడాది అక్టోబర్‌లో ఐసీసీ దాన్ని తీసేసింది. తెలుగువాళ్ల మధ్య చర్చ జరిగితే మార్పు కోరే పక్షానికి ఇది మంచి ఉదాహరణ. నేరుగా మూడో కొలతకు, తప్పుకు తగ్గ శిక్షేనా అన్న ప్రశ్నకు తీసుకెళుతుంది. అసలు పోరు అక్కడే జరగాలి.

నిబంధన ఉండాలనే పక్షం ఎలా వాదించాలి

"ఎప్పటి నుంచో ఉంది" అని మొదలుపెట్టకండి, అది బలహీనమైన మాట. బలమైన మాట ఎండ్ జోన్ స్వభావం గురించి. మైదానంలో మిగతా చోట బంతి గీత దాటితే ఆట ఆగుతుంది, అంతే. ఎండ్ జోన్‌లో మాత్రం బంతి ఆగిందంటే ఏదో ఒకటి తేలాల్సిందే: టచ్‌డౌన్, సేఫ్టీ, టచ్‌బ్యాక్. అక్కడికి బంతిని ఎవరు పంపారు అన్నదే ప్రశ్న. నిబంధనల్లో దీన్ని ఇంపెటస్ అంటారు. డిఫెన్స్ ఆటగాడు చేతిలోంచి గుద్ది ఊడగొట్టినా సరే, బంతిని మోస్తున్నది ఆఫెన్స్ కాబట్టి ఆ ఊపు ఆఫెన్స్ ఖాతాలోకే వస్తుంది. దాదాపు కదలకుండా పడి ఉన్న బంతిని డిఫెన్స్ కొత్తగా కదిపినా, నేరంగా తట్టినా మాత్రమే ఆ బాధ్యత మారుతుంది. సొంత ఎండ్ జోన్‌లో జారవిడిస్తే 2 పాయింట్లతో పాటు బంతీ పోతుంది, ఎదుటి ఎండ్ జోన్‌లో జారవిడిస్తే బంతి ఒక్కటే పోతుంది. ఈ జోడీని చూపించి "ఇందులో ఒకటి తీసేస్తే రెండోది ఎలా నిలబడుతుంది?" అని అడగండి.

రెండో మాట: చెయ్యి చాచడం ఆఫెన్స్ తన ఇష్టంతో చేసే పని. చాస్తే 6 పాయింట్లు దక్కొచ్చు, బంతి పోవచ్చు. మొదటి, రెండో డౌన్లలో అలా చాచవద్దని చాలామంది కోచ్‌లు నేర్పేది ఇందుకే. అంగుళం తేడాతో 6 పాయింట్లు ఇచ్చే గీత, అంగుళం తేడాతో బంతినీ తీసుకోవచ్చు.

మార్చాలనే పక్షం ఎలా వాదించాలి

ఒకటో, మూడో సందర్భాల మీదకు మళ్లీ వెళ్లండి. అదే ఆటగాడు, అదే పొరపాటు, అదే గుద్దు. బంతి గోల్ లైన్‌కు అర అడుగు ఇవతల బయటికి పోతే పోయేదేమీ లేదు. అర అడుగు అవతల పోతే బంతితో పాటు, 1 గజం నుంచి 20 వరకు, 19 గజాల మైదానం కూడా పోతుంది. ఎవరూ పట్టుకోని బంతికి ఇంత శిక్షా? పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అనే మాట ఇక్కడ అతిశయోక్తి కాదు. "డిఫెన్స్ కష్టపడి ఊడగొట్టింది కదా" అంటే, 5 గజాల గీత దగ్గర కూడా అంతే కష్టపడి ఊడగొడితే ఏమిచ్చారు అని తిరిగి అడగండి. దీనికి సూటి సమాధానం దొరకదు.

"టచ్‌బ్యాక్ లేకపోతే కావాలని బంతిని ముందుకు విసురుతారు" అన్న వాదన తరచూ వస్తుంది. బెదరకండి. కావాలని ముందుకు విసిరితే అది ఫంబుల్ కాదు, నేరం. ముందుకు జారి బయటికి పోయిన బంతి ఎలాగూ జారిన చోటికే వస్తుంది. జట్టులో ఇంకొకడు దాని మీద పడి లాభపడకుండా నాలుగో డౌన్‌కూ చివరి రెండు నిమిషాలకూ హోలీ రోలర్ తర్వాతి నిబంధన ఉంది. ఆ భయానికి తాళాలు ఇప్పటికే వేసి ఉన్నాయి.

ప్రత్యామ్నాయాలను ఒకే ఆట మీద పరీక్షించండి

ఈ మెట్టుకు ఎక్కువ సమయం ఇవ్వండి. మూడు ప్రతిపాదనలు తరచూ వినిపిస్తాయి: బంతి ఫంబుల్ జరిగిన చోట ఆఫెన్స్‌కే ఇవ్వడం, 20 గజాల గీత దగ్గర ఆఫెన్స్‌కు ఇవ్వడం, ఫంబుల్ జరిగిన చోట డిఫెన్స్‌కు ఇవ్వడం. గాల్లో మాట్లాడకుండా ఒక నిజమైన ఆట మీద పెట్టి చూడండి.

2017 డిసెంబర్ 17, ఓక్లాండ్. డాలస్ కౌబాయ్స్ 20, రైడర్స్ 17. ఆటలో 31 సెకన్లు మిగిలాయి. రైడర్స్‌కు మూడో డౌన్, బంతి 8 గజాల గీత దగ్గర, ఫస్ట్ డౌన్‌కు (కొత్తగా నాలుగు ప్రయత్నాలు దక్కడానికి) 3 గజాలు కావాలి. క్వార్టర్‌బ్యాక్ (ఆఫెన్స్‌ను నడిపించే ఆటగాడు) డెరెక్ కార్ తనే పరుగెత్తి పైలాన్ వైపు బంతి చాచాడు. జారింది, ఎండ్ జోన్‌లోంచి బయటికి పోయింది. టచ్‌బ్యాక్, ఆట డాలస్‌ది.

మొదటి ప్రతిపాదన ప్రకారమైతే కార్ అప్పటికే 3 గజాలు దాటేశాడు కాబట్టి గోల్ లైన్ పక్కనే ఫస్ట్ డౌన్. రైడర్స్ గెలిచే అవకాశం ఎక్కువ. దీనిలో లోపం కూడా ఇదే ఆటలో కనిపిస్తుంది: చెయ్యి చాచి జారవిడిచినందుకు ఏ నష్టమూ లేదు. ఎదుటివాళ్లు పట్టుకుంటే తప్ప చాచడం ఉచితమైపోతుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు కాకూడదు.

రెండో ప్రతిపాదనలో బంతి 20 గజాల గీత దగ్గర రైడర్స్‌దే. 31 సెకన్లు. అక్కడి నుంచి ఫీల్డ్ గోల్ కొడితే, అంటే బంతిని గోల్ స్తంభాల మధ్యకు తంతే, దాదాపు 38 గజాల దూరం (20కి తోడు ఎండ్ జోన్ 10, బంతి పెట్టే చోటు మరో 7, 8 గజాల వెనక), 3 పాయింట్లు వస్తే సమం. తప్పుకు శిక్ష పడింది, ఆట మాత్రం బతికే ఉంది. మాకు నచ్చేది ఇదే. కానీ ఇది కోరే పక్షం మూడు చిల్లులు ముందే పూడ్చుకోవాలి. నాలుగో డౌన్‌లో జారితే ఏమిటి? ఫస్ట్ డౌన్ దక్కక ముందే జారితే డౌన్ లెక్క పోతుందా? 2 గజాల గీత నుంచి 20కి వెనక్కి వచ్చినప్పుడు ఫస్ట్ డౌన్‌కు ఎన్ని గజాలు కావాలి? పనికొచ్చే సమాధానాలు ఇవి: నాలుగో డౌన్‌లో దక్కకపోతే ఇప్పటిలాగే టచ్‌బ్యాక్, డౌన్ లెక్కలోకి వస్తుంది, ఫస్ట్ డౌన్ అప్పటికే దక్కి ఉంటే 20 నుంచి 10 గజాలు, లేకపోతే పాత లక్ష్యమే. ఇవి కాగితం మీద రాసుకుని రండి, ఎదుటివాళ్లు మొదట తవ్వేది ఇక్కడే.

మూడో ప్రతిపాదన మధ్యేమార్గంలా కనిపిస్తుంది, ఈ ఆట మీద పెడితే తేలిపోతుంది. డాలస్ తన 1 గజం దగ్గర నుంచి 31 సెకన్లు గడపాలి. అక్కడ ఇరుక్కుని సేఫ్టీ ఇచ్చుకున్నా 2 పాయింట్లే, 20-19తో ఇంకా ముందే. అంటే చివరి నిమిషంలో ఇప్పటి నిబంధనకూ దీనికీ పెద్ద తేడా లేదు. రెండో క్వార్టర్‌లో జరిగే ఫంబుల్ మీద మాత్రం తేడా గట్టిగా ఉంటుంది, ఎందుకంటే 1 గజం దగ్గర నుంచి మొదలయ్యే జట్టు ఇబ్బందుల్లో ఉన్నట్టే. ఈ ప్రతిపాదన తెచ్చేవాళ్లు 2021 బ్రౌన్స్ ఆటను ఎంచుకోవాలి, 2017 ఆటను కాదు.

సమయం, ఓటు

పక్షానికి ఇద్దరు చాలు. నిబంధన వివరణకు 4 నిమిషాలు, ఇది ఏ పక్షానికీ చెందని మధ్యవర్తి చేయాలి. ఒక్కో పక్షం తొలి వాదనకు 5 నిమిషాలు, ఒకరినొకరు ప్రశ్నించుకోవడానికి 6, ప్రత్యామ్నాయాన్ని ఆట మీద పరీక్షించడానికి 10, ముగింపుకు తలా 2. మొత్తం 34 నిమిషాలు. వీడియో చూపిస్తే పక్షానికి ఒకటే, అదీ మామూలు వేగంతో ఒకసారి, నెమ్మదిగా ఒకసారి. అంతకు మించి చూపిస్తే చర్చ మళ్లీ రిఫరీ నిర్ణయం మీదకు జారుతుంది.

చివర రెండు ఓట్లు విడివిడిగా తీసుకోండి. మొదటిది: ఇప్పటి నిబంధన శిక్ష తప్పుకు మించి ఉందా? రెండోది: ప్రతిపాదించిన నిబంధన ఇప్పటిదానికన్నా మేలా? మొదటిదానికి అవుననే చాలామంది రెండోదానికి చెయ్యెత్తరు, ఆ తేడాను అంకెల్లో రాసి పెట్టండి. రెండో ఓటుకు ఎన్‌ఎఫ్‌ఎల్ యజమానుల కొలతే వాడండి: 32 జట్లలో 24, అంటే నాలుగింట మూడొంతులు. 2025 మేలో టష్ పుష్‌ను (క్వార్టర్‌బ్యాక్‌ను జట్టువాళ్లు వెనక నుంచి ముందుకు తోసే ఎత్తును) నిషేధించాలన్న ప్రతిపాదనకు 22 ఓట్లు వచ్చాయి, రెండు తక్కువై వీగిపోయింది. మీ గదిలో ఎనిమిది మంది ఓటు వేస్తుంటే నిబంధన మారడానికి ఆరు చేతులు లేవాలి.